అరచేతి ఆటయంత్రము – దాని రూపకల్పన, మన భాష

(అరసికెరె తెలుగు కుటుంబముల సభలో చదివిన ప్రసంగ పాఠము)



ఈ వేదికపై మనము సాధారణముగా పాఠశాలలను గురించియు, పుస్తకములను గురించియు, సర్కారుకు పంపవలసిన అర్జీలను గురించియు మాట్లాడుకొనుచుందుము. నేడు పిల్లల ఆటవస్తువు నొకదానిని విషయముగా గైకొనుట కొందరికి వింతగా తోపవచ్చును. ఆటలాడుట సభలో చర్చింపదగిన సంగతియా యని అడుగవచ్చును. మా మనవి ఏమనగా, పిల్లవాడు పాఠశాలలో గడపు గంటలను గురించి మనము ఎంతో ఆలోచించితిమి. ఇంటికి వచ్చిన పిమ్మట వాని చేతిలో నుండు వస్తువును గురించి ఆలోచింపలేదు. భాష నిలుచుట, నిలువకపోవుట ఆ రెండవ తావుననే తేలుచున్నది.

2025 జూన్ 5వ తేదీన జపాను దేశపు క్యోటో నగరమందలి నింటెండో కంపెనీ వారు స్విచ్ 2 అను క్రొత్త ఆటయంత్రమును విడుదల చేసిరి. మొదటి నాలుగు దినములలోనే 35 లక్షలకు పైగా అమ్ముడుపోయినవని ఆ కంపెనీ ప్రకటించినది. దీనిని చేతిలో పట్టుకొని ఆడవచ్చును. ఇంటిలోని టెలివిజనుకు తగిలించియు ఆడవచ్చును. తెర 7.9 అంగుళములు. ఇరుప్రక్కల నుండు పిడులు అయస్కాంతములచే అంటుకొనును. పిడిని ఊడదీసి బల్లపై నడిపినచో కంప్యూటరు మౌసువలె పనిచేయును. సి అను క్రొత్త మీటను నొక్కి దూరమున నున్న తోడి ఆటగాండ్రతో మాట్లాడవచ్చును. దీని రూపకల్పన మంచిదా, కాదా యని లోకమంతట చర్చలు జరిగినవి. తెర పెద్దదైనదని కొందరు మెచ్చిరి. బరువు పెరిగినదని కొందరు నొచ్చిరి. ఆ చర్చలో మన వంటి ఇండ్లవారి మాట వినబడలేదు. ఆ మాటను మన సభలోనైనను చెప్పుకొనవలెనని మా ఉద్దేశము.

ఇట్టి యంత్రము చేతిలోనికి ఎట్లు వచ్చినదో మొదట కొంచెము తెలిసికొందము. నింటెండో వారి వద్ద గున్‌పే యొకోయ్ అను రూపశిల్పి యుండెడివాడు. రైలులో ఒక ఉద్యోగి విసుగుతో లెక్కల యంత్రపు మీటలను నొక్కుచు కాలక్షేపము చేయుట చూచి, జేబులో పట్టు ఆటను చేయవలెనను తలపు ఆయనకు కలిగినదని చెప్పుదురు. 1980 ఏప్రిలులో గేమ్ అండ్ వాచ్ అను చిన్న యంత్రము వెలువడినది. లెక్కల యంత్రమునందలి తెరయే దానికిని తెర. 1982లో అదే వరుసలో వచ్చిన యంత్రమునకు కూడిక గుర్తు ఆకారము గల మీటను అమర్చిరి. ఎడమ బొటనవ్రేలు ఒక్కదానితో నాలుగు దిక్కులు చూపుటకు అది చాలును. నేటికిని ప్రపంచమందలి ఆటయంత్రములలో ఆ మీటకు వారసులు కనబడుచున్నవి.

1989లో ఆయన నాయకత్వమున గేమ్ బాయ్ వచ్చినది. అదే కాలమున అటారీ కంపెనీ లింక్స్ అను యంత్రమును, 1990లో సెగా కంపెనీ గేమ్ గియర్ అను యంత్రమును రంగుల తెరలతో తెచ్చిరి. గేమ్ బాయ్ తెరకు రంగులు లేవు. సొంత వెలుతురును లేదు. ఆకుపచ్చని నేలపై మసక నీడలు మాత్రమే. చూచినవారు పెదవి విరిచిరి. కాని గేమ్ బాయ్ 4 చిన్న సెల్లులతో సుమారు 15 గంటలు నడచెడిది. గేమ్ గియర్ 6 సెల్లులను మ్రింగి 3 మొదలు 5 గంటలలో ఆరిపోయెడిది. తల్లిదండ్రులకు ఏది గిట్టునో చెప్పనక్కరలేదు. తరువాత వచ్చిన రంగుల గేమ్ బాయ్‌తో కలిపి ఆ వరుస యంత్రములు 11 కోట్ల 86 లక్షలకు పైగా అమ్ముడుపోయినవి. బాగుగా వాడుకలో నలిగి చౌకబడిన సాంకేతికమును క్రొత్త వైపునుండి వాడుకొనవలెననునదే యొకోయ్ సిద్ధాంతము. పాతచింతకాయ పచ్చడి యని మనము ఎగతాళి చేయుదుము గాని, జ్వరము తగ్గిన నోటికి రుచించునది అదియే కదా.

ఈ కథవలన మనకు ఒక కొలబద్ద దొరకుచున్నది. రూపకల్పన యనగా అంగడి అద్దములో వస్తువు ఎట్లు మెరయుచున్నదని కాదు; దానిని వాడువాని చేతికిని, వాని ఊరికిని, వాని సంచికిని ఎట్లు ఒదుగుచున్నదని. ఆ కొలబద్దతో క్రొత్త యంత్రమును పరీక్షింతము.

మొదటిది చేయి. 2017లో వచ్చిన మొదటి స్విచ్ పిడులతో కలిపి 398 గ్రాములు తూగెడిది. స్విచ్ 2 పిడులతో 534 గ్రాములు. మొదటి గేమ్ బాయ్ సెల్లులు లేకుండ 220 గ్రాములు. అనగా అరకిలోకు మించిన బరువును ఎనిమిదేండ్ల బిడ్డ గాలిలో పట్టుకొని ఆడవలెను. పెద్ద తెర పెద్దవారి కన్నులకు హితమే. చిన్న మణికట్టునకు కాదు. బల్లమీద నిలబెట్టి ఆడుటకు వెనుక ఒక ఊత ఏర్పాటు చేసిరి. అది మంచి ఆలోచన. పిల్లలచేత అట్లే ఆడించుట మేలని మా అభిప్రాయము.

ఆటవస్తువు చేతికి ఒదుగుటను మన ప్రాంతపు పనివారు ఏనాడో ఎరుగుదురు. చన్నపట్నపు కొయ్యబొమ్మకు పదునైన అంచు ఉండదు. దానిపై పూయు రంగు లక్కతో చేసినది. అచ్చట ఆలెమర యని పిలుచు చెట్టునే విశాఖ ప్రాంతపు ఏటికొప్పాక పనివారు అంకుడు కర్ర యందురు. చెట్టు ఒకటే, లక్క ఒకటే, పేర్లు రెండు. కన్నడ దేశమందును తెలుగు దేశమందును ఆ బొమ్మను పసిబిడ్డ నోట పెట్టుకొనునను ఎరుకతోనే తరిణె పట్టిరి. ఆ ఎరుకయే రూపకల్పన.

రెండవది ఎండ. మన పావగడ తాలూకా ఎండకు పేరుపడినది. తిరుమణి, వళ్లూరు మొదలైన గ్రామముల పరిధిలో సుమారు 13,000 ఎకరములలో 2,050 మెగావాట్ల సౌర విద్యుత్ క్షేత్రమును 2019 డిసెంబరు నాటికి పూర్తిచేసిరన్న సంగతి తమకు తెలిసినదే. ఇట్టి ఊళ్లలో వెనుకనుండి వెలుగు తెర అరుగుమీద కూర్చున్నవానికి సరిగా కానరాదు. బిడ్డ దానిని తీసికొని లోపలి గదికి పోవును. గేమ్ బాయ్ తెర దీనికి విరుద్ధము. దీపపు వెలుగులో అది కన్నులను బాధించెడిది గాని ఎండలో తేటగా కనబడెడిది. 2022లో అమెరికాలోని పానిక్ అను కంపెనీ ప్లేడేట్ అను పసుపుపచ్చని చిన్న యంత్రమును తెచ్చినది. దానికిని వెనుక దీపము లేదు. వెలుతురు ఎంత యుండిన అంత బాగుగా కనబడును. ప్రక్కన త్రిప్పుటకు తిరుగలి పిడి వంటి పిడి ఒకటి యున్నది. పగటి వెలుతురులో, నలుగురి నడుమ ఆడుటకు వీలగు యంత్రమును చేయుట సాధ్యమేయని దీనివలన తెలియుచున్నది. ఆట అరుగుమీదనుండి గదిలోనికి పోయినప్పుడు దానితో పాటు మాటయు పోవునని మరువరాదు.

మూడవది మరమ్మతు. మొదటి స్విచ్ పిడులలోని చిన్న కాడ కొంతకాలము వాడగా అరిగి, ఎవరును తాకకయే ప్రక్కకు జరిగినట్లు చూపుటను గురించి దేశదేశముల వినియోగదారులు ఫిర్యాదులు చేసిరి. క్రొత్త యంత్రములో అయస్కాంత సూత్రముపై పనిచేయు అరుగని కాడను అమర్తురని ఎదురుచూచినవారికి ఆశాభంగమే కలిగినది. పాత పద్ధతియే కొనసాగినది. బ్యాటరీని లోపల బంకతో అతికించిరి. యంత్రములను విప్పి పరీక్షించు ఐఫిక్సిట్ సంస్థ దీనికి మరమ్మతు విషయమున 10కి 3 మార్కులు మాత్రమే ఇచ్చినది. 2022లో వాల్వ్ కంపెనీ స్టీమ్ డెక్ అను తమ యంత్రమునకు విడిభాగములను ఆ సంస్థ ద్వారానే అమ్మించుటకు ఏర్పాటు చేసినది. దీనినిబట్టి బంక అనివార్యము కాదనియు, అది ఎంచుకొన్న మార్గమనియు స్పష్టము. ఐరోపా సమాఖ్య చిన్న యంత్రముల బ్యాటరీలను వాడుకరియే మార్చుకొనునట్లుండవలెనని 2023లో శాసించి, 2027 ఫిబ్రవరి 18వ తేదీని గడువుగా నిర్ణయించినది. పట్టణమునకు దూరముగా నుండు మన వంటి ఊళ్లకు ఇది విలాసపు ప్రశ్న కాదు. సంతకు పోయిన దినమున బాగుచేయించుకొని రాలేని వస్తువు మన ఇంటిలో ఎంతకాలము బ్రతుకును?

ఇంతవరకు చెప్పినవి లోకమందలి పెక్కుమంది చెప్పుచున్న మాటలే. నాలుగవది మనము మాత్రమే చెప్పవలసినది. అది లిపిని గురించి.

1990వ దశకమున జాతరలలో ఇటుకలు పడు ఆటయంత్రములు అమ్మెడివారు. 1984లో మాస్కోలో అలెక్సీ పజిట్నోవ్ కనిపెట్టిన టెట్రిస్ ఆటకు అవి నకళ్లు. అడ్డముగా 10, నిలువుగా 20 గడులు. ఆ ఆటకు భాషతో పని లేదు. అంకెలు వచ్చిన చాలును. మన పులిమేక ఆటయు అట్టిదే. మూడు పులులు, పదునైదు మేకలు, బండపై గీసిన గీతలు. ఏ భాషవాడైనను ఆడవచ్చును. వామనగుంటల పీటను కన్నడమున అళగుళి మణె యందురు. గుంటలు పదునాలుగే, చింతపిక్కలు అవియే. ఆడునపుడు లెక్కపెట్టుకొను మాట మాత్రము ఎవరి ఇంటి మాట వారిది. ఆట బోడిగా నుండెను. భాషను ఇంటివారు నింపిరి.

నేటి ఆట అట్లు కాదు. అది కథ చెప్పుచున్నది, పాత్రలచే మాట్లాడించుచున్నది, ఆజ్ఞలిచ్చుచున్నది, చదివి అర్థము చేసికొననిదే ముందునకు పోనీయదు. గంటల తరబడి బిడ్డ చదువు వాచకమది. ఏ భాషలో? జపాను భాష, ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మను, ఇటాలియను, స్పానిషు, డచ్చి, కొరియా, చీనా మొదలైనవి ఆ యంత్రములోని భాషల పట్టికలో నున్నవి. భారతదేశపు భాష ఒక్కటియు లేదు. 2011 జనగణన ప్రకారము మన దేశమున తెలుగును మాతృభాషగా చెప్పుకొన్నవారు 8 కోట్లకు పైగా నున్నారు. డచ్చి భాష మాట్లాడువారు మనలో మూడవ వంతైనను ఉండరు. ఐనను వారి భాష కలదు, మనది లేదు.

దీనికి పూర్వము ఒక కారణము చెప్పుటకు వీలుండెను. గేమ్ బాయ్ తెర అడ్డముగా 160, నిలువుగా 144 చుక్కలు. దానిని 8 చుక్కల పొడవు, 8 చుక్కల వెడల్పు గల గడులుగా విభజించి, సాధారణముగా గడికొక అక్షరము చొప్పున ముద్రించెడివారు. జపాను వారి కన లిపి దానిలో ఇరుకుగానైనను పట్టినది. వారి చిత్రాక్షరములే పట్టక, నాటి ఆటలు చాలవరకు కన లిపిలోనే వచ్చినవి. ఇక మన లిపి సంగతి చెప్పవలెనా? పైన తలకట్టు, గుడి, క్రింద ఒత్తు, ఒక్కొక్క చోట ఒత్తు క్రింద మరియొక ఒత్తు. లక్ష్మి యను పేరులోని రెండవ అక్షరమును 8 చుక్కల ఎత్తులో వ్రాయజూచినచో మిగులునది మచ్చ మాత్రమే. అప్పుడు తెలుగు లేదన్నచో, చోటు లేదని సమాధానము చెప్పవచ్చును.

ఇప్పటి తెరపై 1920 అడ్డు చుక్కలు, 1080 నిలువు చుక్కలు ఉన్నవి. హెచ్చవేసి చూచినచో గేమ్ బాయ్ చుక్కలకు సరిగా 90 రెట్లు. చోటు లేదను మాట ఇక చెల్లదు. యూనికోడు సంకేత పట్టికలో తెలుగునకు 1991లోనే తావు దొరకినది. ఒత్తులను, గుణింతములను సరిగా పేర్చు హార్ఫ్‌బజ్ అను సాధనము ఉచితముగా దొరకుచున్నది. తిరుమల కృష్ణ దేశికాచారి గారు రూపొందించిన పోతన, వేమన అను అక్షరరూపములు ఉచితముగా వాడుకకు వచ్చి చాలకాలమైనది. కావున నేడు లేనిది చోటు కాదు, తలంపు.

తలంపు లేనిచో ఏమగునో ఒక ఉదాహరణము చెప్పెదము. 2018 ఫిబ్రవరిలో, జ్ఞానమను మాటలోని మొదటి అక్షరమునకు చెందిన ఒక సంకేతముల కూర్పు ఆపిల్ ఫోనులకు సందేశముగా వచ్చినచో, దానిని తెరపై చూపబోయి ఆ సందేశపు సాఫ్ట్‌వేరు కుప్పకూలుచుండెను. కంపెనీవారు ఆ నెలలోనే దిద్దుబాటు పంపిరి. లోకమంతయు దానిని వేడుకగా చెప్పుకొన్నది. మనకు అది వేడుక కాదు. కోట్ల మంది వ్రాయు లిపిని ముందుగా పరీక్షించి చూచినవాడు లేడనుటకు అది నిదర్శనము.

భాషను రూపకల్పనలో భాగముగా ఎంచవలెనని మేము చెప్పుట అతిశయోక్తి యని తలపకుడు. స్వయముగా ఆ కంపెనీయే అట్లెంచినది. స్విచ్ 2 విడుదలైనప్పుడు జపానులో రెండు విధములుగా అమ్మిరి. జపాను భాష ఒక్కటే నడచునది 49,980 యెన్లు. పలుభాషలు నడచునది 69,980 యెన్లు. లోపలి యంత్రము అదియే, తెర అదియే, బరువు అదియే, భేదమెల్ల భాషయందే. చౌకగా కొని ఇతర దేశములకు తరలింపకుండుటకు అట్లు చేసిరని చెప్పుదురు. వర్తకునికి అది న్యాయముగానే తోచవచ్చును. కాని జపానులో స్థిరపడిన పరభాషా కుటుంబమొకటి తమ భాషలో యంత్రమును నడుపుకొనవలెనన్నచో 20,000 యెన్లు అధికముగా చెల్లింపవలసి వచ్చినది. ఒక దేశమున భాషాల్పసంఖ్యాకులుగా నుండుటకు ఎంత ధర చెల్లింపవలెనో అంకెలలో చీటీ అతికించి చూపినట్లైనది. తరతరములుగా ఇచ్చట నుండి ఆ ధరను వేరు వేరు రూపములలో ఎరిగిన మనకు దీనిని వివరించి చెప్పనక్కరలేదు.

మన పరిస్థితిని ఒకసారి తలచుకొందము. మూడు వైపుల ఆంధ్రప్రదేశము, నడుమ మన తాలూకా. 1956లో రాష్ట్రములను భాషలనుబట్టి విభజించినపుడు మనము మైసూరు రాష్ట్రముననే యుంటిమి. 1973లో అదియే కర్ణాటకమైనది. అదే 1956లో చేసిన రాజ్యాంగపు ఏడవ సవరణ ద్వారా, అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషయందు బోధించుటకు తగిన వసతులు కల్పింప ప్రయత్నింపవలెనను 350ఎ అధికరణము చేరినది. బడిని గురించి అడుగుటకు మనకు ఆ ఆధారమైనను ఉన్నది. ఆటను గురించి ఏ రాజ్యాంగమును ఏమియు చెప్పదు. అచ్చట కంపెనీవాని పట్టికయే శాసనము.

ఆట మొదలు కాకమునుపే యంత్రము బిడ్డను అడుగు ప్రశ్న ఒకటి యున్నది: నీ పేరేమి? మన బిడ్డ తన పేరును తన లిపిలో వ్రాయలేక పరాయి లిపిలో వ్రాసికొని లోపలికి పోవును. ఈ యంత్రములలో పేరునకు ఇచ్చు చోటును చాల స్వల్పము. పది స్థానములే యిచ్చిరనుకొందము. వెంకటలక్ష్మి యను పేరు మన కంటికి ఐదు అక్షరములే. యూనికోడు లెక్కలో 12 సంకేతములు. కావున రేపు తెలుగు అక్షరములను చేర్చినను, మన అక్షరమును మనవలె లెక్కింపనిచో వెంకటలక్ష్మి గుమ్మములోనే నిలిచిపోవును. లిపిని చేర్చుట వేరు, లిపికి తగినట్లు ఇల్లు కట్టుట వేరు. హాసన జిల్లాలోని రైల్వే జంక్షనును తలచుకొని, మన అరసికెరెను అదియే యనుకొను బయటివారికి నిత్యము సర్దిచెప్పు మనకు, పేరు సరిగా పలుకబడుట ఎంత ముఖ్యమో తెలియును.

ఇచ్చట ఒక మాట స్పష్టముగా చెప్పవలెను. ఈ ఫిర్యాదు కన్నడముపై కాదు. బడిలో కన్నడము, ఇంటిలో తెలుగు. రెండును మన బిడ్డ నోట సుఖముగనే యున్నవి. లిపులు రెండును అక్కచెల్లెండ్రు. ఆ యంత్రములో తెలుగు లేనట్లే కన్నడమును లేదు. పొరుగింటి కన్నడిగుల బిడ్డయు మన బిడ్డయు ఒకే గుమ్మము వెలుపల నిలిచియున్నారు. కావున ఈ విషయమున మనము చేయు ప్రయత్నము వారితో కలిసి చేయదగినది. తెలుగు ఒత్తులకు చోటు చేసిన తెరపై కన్నడ ఒత్తులును పట్టును.

కంపెనీవారి పక్షమునను ఆలోచింతము. ఎచ్చట అమ్మకము కలదో అచ్చటి భాషను పట్టికలో చేర్తురు. మన పల్లెలలో ఆ యంత్రమును కొనువారు ఎందరు? అని వారు అడుగవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. దానికి మా సమాధానము: భాష లేనందున కొనరు, కొననందున భాష లేదు – ఈ రెండింటిలో మొదట ఎవరో ఒకరు అడుగు వేయవలెను. ఫోనులలో తెలుగు చేరిన తరువాత తెలుగులో వ్రాయువారు పెరిగిరే గాని తగ్గలేదు.

ఐతే వారు అడుగు వేయువరకు మనము చేతులు ముడుచుకొని కూర్చుండవలెనా? అక్కరలేదు. మనకు సాధ్యమైన పనులు కొన్ని యున్నవి.

బెంగళూరులో నున్న పిల్లలు పండుగకు వచ్చునపుడు ఇట్టి యంత్రమును బహుమానముగా తేదలచినచో, కొనకమునుపే నాలుగు ప్రశ్నలు అడుగుమని చెప్పుడు. బిడ్డ చేతికి బరువెంత? అరుగుమీద వెలుతురులో కనబడునా? చెడినచో దగ్గరలో బాగుచేయువాడు కలడా? ఏ భాషలో మాట్లాడును? నాలుగింటిలో మూడింటికి సమాధానము లేనిచో ఆ ధనముతో పిల్లలందరికి పనికివచ్చు వేరొక వస్తువు కొనవచ్చును.

యంత్రము ఇంటికి వచ్చిన పిమ్మట దానిని గదిలోనికి పోనీయకుడు. నలుగురు కూర్చున్న చోట ఆడనిండు. అవ్వ ప్రక్కన కూర్చుండి, "ఇదేమిరా, వాడెందుకు దూకినాడు?" అని అడిగినచో, బిడ్డ ఆ కథను తెలుగులో చెప్పక తప్పదు. యంత్రములో లేని తెలుగును ఇల్లు నింపవలెను. చింతపిక్కల ఆటలో మన పెద్దలు చేసినది అదియే. సి మీట నొక్కి దూరమున నున్న మేనత్త బిడ్డలతో మాట్లాడు వీలున్నప్పుడు తెలుగులోనే మాట్లాడుమని చెప్పుడు. లిపికి అడ్డున్నది గాని నోటికి అడ్డులేదు.

ఇక మన యువకులకు ఒక మనవి. సాఫ్ట్‌వేరు పని నేర్చినవారు మన ఇండ్లలో ఉన్నారు. గోడో అను ఉచిత సాధనము 2023లో వచ్చిన నాలుగవ రూపమునుండి తెలుగు వంటి కూటాక్షరముల లిపులను సరిగా చూపగలుగుచున్నది. పులిమేకను, వామనగుంటలను తెలుగున, కన్నడమున రెండింట మాట్లాడు చిన్న ఆటగా చేయుటకు గొప్ప పెట్టుబడి అక్కరలేదు. కొన్ని ఆదివారములు చాలును. మేకలు పులిని కట్టివేయుట బలముచేత కాదు గదా. ఒకదాని వెనుక ఒకటి నిలిచి దారి మూయుటచేత.

చివరగా, కంపెనీలకు ఒక విన్నపము వ్రాయవలెనని మేము ఈ సభకు ప్రతిపాదించుచున్నాము. అది దీర్ఘముగా నుండనక్కరలేదు. తెలుగు, కన్నడ లిపులను తెరపై చూపుడు. పేరు వ్రాయు చోట మా అక్షరమును ఒక అక్షరముగా లెక్కింపుడు. బ్యాటరీని బంకతో అతికింపకుడు. మూడు వాక్యములు. క్రింద తెలుగు కుటుంబములవారును కన్నడ కుటుంబములవారును కలిసి సంతకములు చేయుదము. సంతకము ఎవరి లిపిలో వారు చేయవలెను. ఆ కాగితమును సిద్ధము చేసి ఈ బల్లపై నుంచినాము. సమ్మతించువారు సభ ముగిసిన పిమ్మట సంతకము చేసి వెళ్లవలెనని ప్రార్థించుచున్నాము.